రెండు గుర్రాల ట్రైలర్: ఇనుమా, అల్యూమినియమా? (మహబూబ్‌నగర్)

పాలమూరు_కళ్లెం
రెండు మార్వారి గుర్రాలకు ట్రైలర్ చేయించాలె. ఒక్కోటి 400 కిలోల లోపే. 44 నంబర్ హైవే మీద హైదరాబాద్, కర్నూల్ దిక్కు తిరుగుడు, మిగిలినవన్నీ ఊర్ల రోడ్లు. ఏడాదికి 60, 70 ట్రిప్పులు పడతయి. షెడ్డు లేదు, ఎండకూ వానకూ బయటనే ఉంటది. ఒక షాపాయన మొత్తం అల్యూమినియంతోని చేస్తా, బరువు సగమైతది, తుప్పు మాటే ఉండదు అంటున్నడు. రేటు మాత్రం రెండింతల పైన. ఇంకొకాయన ఇనుమే మొండిది, దానికే పో అంటున్నడు. లాగే బండి డీజిల్ ఎస్‌యూవీ. తెలిసినోళ్లు జర చెప్పండ్రి.

జడ్చర్ల_వెల్డర్
సగం అన్నది రేకు వరకే నిజం అన్నా. ట్రైలర్ అంటే రేకు ఒక్కటే కాదు గద. యాక్సిల్, కమాన్ పట్టీలు, నాలుగు చక్రాలు, కప్లింగు, జాకీ, రబ్బరు మ్యాట్లు ఏ బాడీకైనా అవే. ఇనుము, అల్యూమినియం పంచాయితీ వీటి మీద నడవదు.

లెక్కల_మనిషి
వెల్డర్ గారి మాటకు అంకెలు జోడిస్తాను. లోపలి కొలత 1.8 మీటర్ల వెడల్పు, 3.2 మీటర్ల పొడవు అనుకుందాం. ఇందులో 2.5 మీటర్లు గుర్రం నిలబడేది, 0.7 తల పెట్టేది.

నేల 5.76 చదరపు మీటర్లు. 3 మి.మీ. ఇనుప చెకర్డ్ ప్లేటు వేస్తే 150 కిలోలు. 4 మి.మీ. అల్యూమినియం ప్లేటైతే 66.
పక్కలు, ముందు భాగం 1.2 మీటర్ల ఎత్తు వరకు. 16 గేజి (1.6 మి.మీ.) ఇనుప రేకు 124 కిలోలు, 2.5 మి.మీ. అల్యూమినియం 66.
పైకప్పు 18 గేజి (1.2 మి.మీ.) ఇనుము 54 కిలోలు, 1.5 మి.మీ. అల్యూమినియం 23.
వెనక ర్యాంపు, 1.5 మీటర్ల ఎత్తుది, ఫ్రేముతో కలిపి ఇనుముకు 100, అల్యూమినియంకు 50.

అంటే చర్మం (పైన చెప్పిన రేకులు, ర్యాంపు) మారిస్తే మిగిలేది సుమారు 220 కిలోలు.

ఇప్పుడు చాసిస్. ఇనుము ఎంత వంగకుండా నిలుస్తుందో, అల్యూమినియం అందులో మూడో వంతే నిలుస్తుంది. బరువూ మూడో వంతే. 100×50×4 ఇనుప ట్యూబు ఎంత వంగకుండా ఉంటుందో అంతకు తగ్గకూడదంటే అల్యూమినియంలో 150×50×6 లాంటి పెద్ద ట్యూబు వేసుకోవాలి. మీటరుకు 8.8 కిలోల బదులు 6 కిలోలు. అడ్డ పట్టీలతో కలిపి చాసిస్ మొత్తం 160 కిలోలనుకుంటే, మార్చినా తగ్గేది 50 కిలోలే.

మొత్తం ఇనుముతో ఖాళీ ట్రైలర్ 1,090 కిలోల దగ్గర వస్తుంది. ఇనుప చాసిస్ మీద అల్యూమినియం చర్మం అయితే 870. నఖశిఖం అల్యూమినియం అయితే 820 దగ్గర. సగం ఎక్కడుంది? పాతిక శాతం.

పాలమూరు_కళ్లెం
అంటే ఆ చివరి 50 కిలోల కోసం నేను ఎక్కువ పైసలు పెడుతున్నట్టా?

లెక్కల_మనిషి
పైసలు సరే. ఆ 50 కిలోలు ఉన్నచోటే పగుళ్లు వస్తాయి. 6061-టి6 అనే మంచి అల్యూమినియం 276 మెగాపాస్కల్స్ ఒత్తిడి దాకా సాగకుండా ఓర్చుకుంటుంది. మన మామూలు ఇనుము 250. కాగితం మీద అల్యూమినియమే మిన్న. కానీ వెల్డు వేయగానే, గీత పక్కన ఇంచుమించు అంగుళం మేర ఆ బలం దాదాపు సగానికి పడిపోతుంది. టి6 అంటే వేడిచేసి, చల్లార్చి తెచ్చిన బలం. వెల్డింగ్ మంట దాన్ని వెనక్కి లాగేస్తుంది. ట్రైలర్ చాసిస్‌లో వెల్డులు ఎక్కడుంటాయి? డ్రాబార్ (బండికి తగిలించే ముందు దూలం) మొదట్లో, కమాన్ బ్రాకెట్ల దగ్గర. ఊపు, కుదుపు పడేదీ సరిగ్గా అక్కడే.

ఇంకోటి. ఇనుములో ఒత్తిడి ఒక హద్దు లోపల ఉంటే ఎన్ని లక్షల కుదుపులైనా పగులు రాదు. అల్యూమినియంకు ఆ హద్దే లేదు. చిన్న కుదుపైనా లెక్కలో జమ అవుతూనే ఉంటుంది. మన ఊర్ల స్పీడ్ బ్రేకర్లను గుర్తు చేసుకోండి.

చౌటుప్పల్_ఫామ్
ఒక్కవైపే చెబుతున్నారు. బయటి దేశాల్లో పూర్తి అల్యూమినియం గుర్రం ట్రైలర్లు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. వాటిలో చాసిస్ కోసమే అచ్చులోంచి నెట్టి తీసిన (ఎక్స్‌ట్రూడ్) మందపు సెక్షన్లు వాడతారు, వెల్డు పడే జాగాలను ఒత్తిడి తక్కువున్న చోటికి జరుపుతారు. డిజైన్ తెలిసినవాడు చేస్తే ఏ ఇబ్బందీ లేదు. ఇనుము సంగతి చెప్పరేం? బయట పెట్టిన ఇనుప ట్యూబును తుప్పు లోపలి నుంచి తింటుంది. పైన పెయింటు నిగనిగలాడుతుంటుంది, సుత్తితో కొడితే లోపలికి దిగుతుంది.

జడ్చర్ల_వెల్డర్
ట్యూబు లోపల తుప్పు మాట నిజమే తమ్మీ, ఒప్పుకుంట. కాని దానికి మందుంది. ప్రతి ట్యూబుకు కింద కొనలో 8 మి.మీ. రంధ్రం, పైకొనకు మూత. నీళ్లు నిలవొద్దు, ఆవిరి బయటికి పోవాలె. పైసలు పెట్టగలిగితే చాసిస్‌ను వెల్డింగులన్నీ అయినంక హాట్ డిప్ గాల్వనైజింగ్‌కు (కరిగిన జింకుల ముంచుడు) ఇయ్యండ్రి. 65 నుంచి 85 మైక్రాన్ల జింకు లోపలా బయటా పడతది. మూసిన ట్యూబును ఆ జింకు తొట్టిల దింపితే పేలుతది, అందుకే రెండు కొనల్లో 12 మి.మీ. రంధ్రాలు ముందే కొట్టుకోవాలె. డిప్పింగ్ అయినంక మళ్లీ వెల్డు పెట్టొద్దు. పెట్టాల్సొస్తే జింకు అరగదీసి పెట్టాలె, ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం పట్టుకుంటది.

నువ్వు చెప్పిన డిజైన్, ఆ సెక్షన్లు ఫ్యాక్టరీ మాల్. ఇక్కడ షాపాయన తెచ్చేది ఏంది? 6063. తలుపులకు, కిటికీలకు వాడే సెక్షన్. దాంతోని డ్రాబార్ చేస్తే నాకైతే చూడ బుద్ధి గాదు.

ఇగ రిపేరు. భూత్పూర్‌ల పగిలినా, పెబ్బేరుల పగిలినా ఇనుమైతే 7018 రాడ్డు, 3.15 మి.మీ.ది, 120 ఆంపియర్ల మీద పెట్టి గంటల పంపిస్తరు. వానకాలం రాడ్డు చెమ్మ పట్టి ఉంటది, వేడి చేయకుంటె గీతల బుడగలు పడతయి, గంతే జాగ్రత్త. అల్యూమినియంకు ఏసీ టిగ్ మిషన్, ఆర్గాన్ సిలిండర్, 5356 వైరు, స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్ కావాలె. దాని మీది ఆక్సైడ్ పొర 2,000 డిగ్రీలు దాటితే గాని కరగదు, లోపలి లోహం 660 దగ్గరనే నీళ్లైతది. పొర గోకకుండ పెట్టినోడు పైకి వెల్డు చూపిస్తడు, లోపల అంటుకోదు. సాపు చేయగల చెయ్యి కోసం హైదరాబాద్ బాలానగర్ దిక్కు పోవాలె. రోడ్డు మీద రెండు గుర్రాలు నిలబడి ఉంటే ఎట్ల పోతవు?

దేవరకొండ_ఎడ్లు
బండలాగుడు ఎడ్లకైతే ఏం జేయాలె? ఒంగోలు జత, ఒక్కోటి 600 పైన.

జడ్చర్ల_వెల్డర్
ఎడ్లకు ఇనుమే. ఎద్దు తన్నుడు కన్నా ఒరుగుడు ఎక్కువ. 600 కిలోలు మొత్తం పక్క రేకు మీద పడితే 2.5 మి.మీ. అల్యూమినియం ఉబ్బి రివెట్లు ఊడతయి. కొమ్ము పోటుకు చిరుగుతది కూడా. పక్కకు 40 మి.మీ. పైపులు అడ్డంగా నాలుగు వరసలు వేసి, రేకు బయటికెల్లి కొట్టించు.

పశువైద్యం_నల్లగొండ
నేల గురించి ఎవరూ సరిగా మాట్లాడలేదు. గుర్రం ట్రైలర్‌లో ముందుగా పోయేది అదే.

రబ్బరు మ్యాటు కింద మూత్రం నిలుస్తుంది. ఇనుప నేల అయితే ఎర్రగా పొరలు లేస్తుంది, కంటికి కనిపిస్తుంది. అల్యూమినియం అయితే తెల్లటి పొడి. దాన్ని తుడిస్తే కింద సూది మొనంత గుంటలు. పైకి ఏమీ కానట్టుంటుంది గాని కొన్ని ఏళ్లకు ఆ గుంటలు అవతలికి దిగుతాయి. అల్యూమినియంకు తుప్పు మాటే ఉండదనే అమ్మకందారు మాట ఇక్కడే తేలిపోతుంది. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా క్షారం. అల్యూమినియంకు ఆమ్లమూ పడదు, క్షారమూ పడదు.

మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. కొట్టంలో సున్నం చల్లే అలవాటుతో ట్రైలర్‌లోనూ చల్లుతారు. తడి సున్నం అల్యూమినియంను నురగలు కక్కిస్తూ తింటుంది. బట్టల సోడా కూడా అంతే. గిట్టల పుండ్లకు వాడే మైలుతుత్తం నీళ్లు నేల మీద ఒలికితే రాగి అల్యూమినియం మీద అంటుకుని ఆ చోటల్లా గుంటలు పెడుతుంది. బ్లీచింగ్ పౌడరు వద్దు. ఇక మన బోర్ల ఉప్పు నీళ్లతో కడిగి ఆరనివ్వకుండా మ్యాటు వేసేయడం, అదీ తప్పే.

ట్రిప్పు అయినరోజే మ్యాట్లు లేపి, మామూలు నీళ్లతో, కొద్దిగా షాంపూ లాంటి సబ్బుతో కడిగి, నిలబెట్టి ఆరబెట్టండి. 18 మి.మీ. మ్యాటు చదరపు మీటరుకు 22 కిలోలు ఉంటుంది. ఒక్కటే పెద్ద ముక్క వేస్తే ఎవడూ లేపడు, లేపనందుకే నేల పోతుంది. నాలుగు ముక్కలుగా కోయించండి. నేల వెనక్కి కొద్దిగా వాలు, మూలల్లో రెండు రంధ్రాలు ఉండాలి.

వేడి సంగతి. నల్లగొండలో మే నెల 45 డిగ్రీలు కొత్తేం కాదు. తారు రోడ్డు మీద నుంచి వచ్చే వేడిని రెండు రకాల లోహపు నేలలూ పైకి పంపుతాయి, అల్యూమినియం ఇంకా త్వరగా. మ్యాటు మందం అందుకే. పైకప్పుకు తెల్ల పెయింటు, లోపల 25 మి.మీ. థర్మాకోల్ పెట్టి ప్లైవుడ్ కొట్టించండి. లోహం ఏదన్నది ఇక్కడ రెండో మాట.

పాలమూరు_కళ్లెం
డాక్టర్ సారూ, కట్టె నేల వేస్తే?

పశువైద్యం_నల్లగొండ
గుర్రానికి కట్టె నేల సుఖం. చప్పుడు తక్కువ, వేడి తక్కువ. నల్లమద్ది పలకలు 50 మి.మీ. మందం వేయించండి, పలకల మధ్య 8 మి.మీ. సందు వదలండి. బరువు మాత్రం 230 కిలోల దాకా వస్తుంది, అల్యూమినియంతో మిగిల్చినదాంట్లో చాలావరకు ఇక్కడ ఖర్చు. ఏడాదికి రెండుసార్లు కింద నుంచి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. మెత్తగా దిగితే ఆ పలక మార్చాలి.

చౌటుప్పల్_ఫామ్
సరే, ఇనుప చాసిస్, అల్యూమినియం చర్మం అనుకుందాం. రెండు లోహాలు తగిలే చోట ఏమవుతుందో ఎవరైనా చెప్పారా? తడి తగిలితే బ్యాటరీలాగా పనిచేసి అల్యూమినియం కరుగుతుంది. అది ఈ కలబోత బాడీకి ఉన్న పెద్ద జబ్బు.

లెక్కల_మనిషి
సరిగ్గా పట్టుకున్నారు. అందులో ఒక కిటుకు ఉంది. రెండు లోహాల్లో కరిగేది అల్యూమినియం. అది చిన్నదై, ఎదుటి లోహం పెద్దదైతే ఘోరం. పెద్ద ఇనుప రేకుకు అల్యూమినియం రివెట్లు కొడితే రెండు మూడు వానకాలాల్లో రివెట్ తలలు రాలిపోతాయి. అదే పెద్ద అల్యూమినియం రేకుకు చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు అయితే చాలా కాలం నిలుస్తుంది. కనుక ఈ బాడీలో అల్యూమినియం పాప్ రివెట్లు చాసిస్‌కు కొట్టనివ్వకండి. 6 మి.మీ. స్టెయిన్‌లెస్ 304 బోల్టులు, నైలాన్ బుష్, నైలాన్ వాషర్.

చాసిస్ మీద ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, ఆరాక 3 మి.మీ. నియోప్రీన్ రబ్బరు పట్టీ పరచి, దాని మీద అల్యూమినియం కూర్చోవాలి. లోహం లోహాన్ని ముట్టకూడదు. పైకప్పు బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాక పొడవుగా, బుష్ పట్టేంత వెడల్పుతో కొట్టించండి. వేకువ నుంచి మధ్యాహ్నానికి రేకు 40 డిగ్రీలు పెరిగితే 3.2 మీటర్ల అల్యూమినియం దాదాపు 3 మి.మీ. సాగుతుంది, కింది ఇనుము ఒకటిన్నరే. జాగా ఇవ్వకపోతే కప్పు అలలు తేలుతుంది, సీలెంటు తెగి వాన లోపలికి.

వైరింగ్_మిర్యాలగూడ
మధ్యలో వస్తున్నా. నైలాన్, నియోప్రీన్ అన్నీ పెట్టినంక బాడీకి కరెంటు వాపసు దారి ఉండదు. లైట్లకు బాడీ ఎర్త్ మీద ఆధారపడకుండ్రి. ప్రతి లైటుకు వేరే ఎర్త్ వైరు, 2.5 చ.మి.మీ., ముందు ప్లగ్ దాకా. ట్రైలర్లలో ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కొట్టుకోవడం సగం కేసుల్లో ఎర్త్ గొడవే.

పాలమూరు_కళ్లెం
గుర్రం తంతే అల్యూమినియం రేకు?

జడ్చర్ల_వెల్డర్
ఇనుప రేకు సొట్టపోతది, అల్యూమినియం చిరుగుతది. చిరిగిన అంచు కత్తి లెక్క. కాలు అందుల ఇరికితే పని అయిపోయినట్టే. అందుకే నేల నుంచి 1.2 మీటర్ల దాకా లోపల 12 మి.మీ. మెరైన్ ప్లై, దాని మీద 6 మి.మీ. రబ్బరు. నాల కొట్టించిన గుర్రమైతే ఇది లేకుండ అల్యూమినియం అడగనే అడగొద్దు. మధ్య పార్టిషన్ కింద దాకా ఉండొద్దు, గుర్రం కాలు వెడల్పు చేసుకుని నిలబడ్తది. కింద రబ్బరు పరదా చాలు.

ర్యాంపు అల్యూమినియమే చేయించు, ఇది నా గట్టి మాట. 100 కిలోల ఇనుప ర్యాంపును ఒక్కడు లేపలేడు, స్ప్రింగు తెగితే చేయి విరుగుతది. నేల ఎత్తు 45 సెం.మీ., ర్యాంపు 1.5 మీటర్లు అంటే 17 డిగ్రీల ఏటవాలు, గుర్రం ఎక్కుతది. పైన రబ్బరు అంటించు, ఖాళీ డబ్బా చప్పుడు వస్తే వెనక్కి గుంజుతది. కీలు గొట్టం ఇనుముదే, చాసిస్‌కు.

లెక్కల_మనిషి
షాపులో మాల్ చూసేటప్పుడు: 50×50×3 ట్యూబు 20 అడుగుల ముక్క 26 కిలోల దగ్గర తూగాలి. 18 తూగితే అది 2 మి.మీ. మాల్. వెర్నియర్ పట్టుకుపోండి, కోసిన కొనలో కొలవండి. అల్యూమినియంకు మిల్ సర్టిఫికెట్ అడగండి, ప్లేటు మీద అచ్చులో గ్రేడు నంబరు ఉందేమో చూడండి. గిన్నెల రేకు కూడా అయస్కాంతానికి అంటుకోదు, కాబట్టి అయస్కాంతం ఏమీ తేల్చదు. చివరికి ఖాళీ ట్రైలర్‌ను కాటా మీద పెట్టి చీటీ తీసుకున్నాకే మిగతా డబ్బు. 870 అని చెప్పింది 1,050 తూగితే అడగాల్సింది చాలా ఉంటుంది.

పశువైద్యం_నల్లగొండ
చట్టం ముక్క. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2015లో చేర్చిన 125-ఇ ప్రకారం పశువులను తరలించే వాహనంలో శాశ్వత పార్టిషన్లు ఉండాలి. గుర్రానికి 2.25 చదరపు మీటర్లు, ఆవుకు, గేదెకు 2, గొర్రెకు, మేకకు 0.3. పైన లెక్కల్లోని 1.8×2.5 సరిగ్గా రెండు గుర్రాలకు సరిపోతుంది, పార్టిషన్ మందాన్ని మాత్రం వెడల్పులో కలపండి. ప్రయాణానికి ముందు పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి.

చౌటుప్పల్_ఫామ్
ట్రైలర్‌కూ రిజిస్ట్రేషన్ ఉంటుంది, బండి నంబరుతో నడవదు. మొత్తం బరువు 750 కిలోలు దాటితే ట్రైలర్ల బరువు వర్గాల్లో టీ2 కిందికి వస్తుంది. మీది గుర్రాలతో 1,670. బ్రేకు లేకుండా ఆలోచనే వద్దు. ముందు మీ బండి పుస్తకంలో లాగే బరువు ఎంత రాసి ఉందో చూడండి, అది 1,670 కన్నా తక్కువైతే ఈ చర్చంతా వృథా. కొన్ని బండ్ల పుస్తకాల్లో ఆ అంకే ఉండదు, అప్పుడు కంపెనీని అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.

పాలమూరు_కళ్లెం
ఆర్డర్ ఇట్ల రాసుకున్న, తప్పుంటే చెప్పండ్రి. చాసిస్, డ్రాబార్ 100×50×4 ఇనుము, వెల్డింగులయ్యాక హాట్ డిప్. పక్కలు 2.5, కప్పు 1.5 అల్యూమినియం, స్టెయిన్‌లెస్ బోల్టులు, నియోప్రీన్. ర్యాంపు అల్యూమినియం. నేల 4 మి.మీ. అల్యూమినియం, నాలుగు ముక్కల మ్యాట్లు. రెండు యాక్సిళ్లు, కమాన్ పట్టీలు, నాలుగు చక్రాలకూ బ్రేకు. ట్యూబుల లోపలికి పాత ఇంజన్ ఆయిల్ పోయించాలనుకుంటున్న.

జడ్చర్ల_వెల్డర్
ఆయిల్ కొట్టెయ్. కారి మ్యాటుకు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడతది, నియోప్రీన్ పట్టీ జారుతది. హాట్ డిప్ చేయించినంక లోపల ఏం అక్కర లేదు. మిగిలింది బాగుంది. బరువు సర్దుడు మర్చిపోయినవు: గుర్రాలెక్కినంక కప్లింగు మీద మొత్తంల పదో వంతు, అంటే 165 కిలోల దగ్గర పడాలె. యాక్సిళ్లు నేల నడుమ కన్నా కొంచెం వెనక్కి. తక్కువ పడితే 80 స్పీడుల తోక ఊపుతది. బాత్రూం కాటా మీద కట్టె నిలబెట్టి తూచుకోవచ్చు, 165 దాటి తూచే కాటా తెచ్చుకో.

దేవరకొండ_ఎడ్లు
పగులు ఎట్ల కనిపెట్టాలె అన్నా? పెయింటు మీద కనబడదు గద.

జడ్చర్ల_వెల్డర్
కమాన్ బ్రాకెట్లు, డ్రాబార్ మొదలు, ర్యాంపు కీళ్లు, ఈ మూడే. వెల్డు గీత మీద పెయింటు గీకి, కిరోసిన్ పూసి పావుగంట ఆగు. గుడ్డతోని పొడిగ తుడిచి, సుద్దపొడి పలుచగా చల్లు. పగులుంటే లోపలి కిరోసిన్ వెంట్రుక మందం గీతలాగ సుద్దను తడుపుకుంట పైకి వస్తది. గీత వచ్చిన కొనల దగ్గర 3 మి.మీ. రంధ్రం కొట్టి, అప్పుడు వెల్డు పెట్టాలె, లేకుంటె పగులు ముందుకు పోతది. దుప్పట్లు, గడ్డి, నీళ్ల డ్రమ్ము అన్నీ దించి చూడు.